హీటరుకి కిటికీ తెరిచి, కుంపటికి మూసి

డిసెంబరు చివర్లో ఆదిలాబాద్‌లో చిన్నమ్మ వాళ్లింటికి వెళ్లాను. చెల్లెకి పురుడై ఇరవై రోజులు. బాలింత గదిలో అడుగుపెట్టగానే మొహానికి చల్లగాలి కొట్టింది. మంచం పక్కన రెండు రాడ్ల హీటరు ఎర్రగా వెలుగుతోంది, దానికి ఎదురుగా కిటికీ రెక్క ఒకటి తెరిచే ఉంది. ఇంత చలిలో కిటికీ ఎందుకు తీశారని అడిగితే, “మూస్తే ఎట్ల బిడ్డా, హీటరు గదిల ఉన్న ఆక్సిజన్ అంత తినేస్తదట గదా” అంది చిన్నమ్మ.

మర్నాడు పొద్దున పసిదానికి నీళ్లు పోశాక అదే గదిలోకి నిప్పుల కుంపటి వచ్చింది, ఊదు పొగ వేయడానికి. ఈసారి కిటికీ మూశారు, తలుపు మూశారు, తలుపు కింద సందులో పాత చీర కూడా కుక్కారు. పొగ వేయడం అయిపోయినా కుంపటి బయటికి పోలేదు. “పొగ పోయింది, ఉట్టి నిప్పులే గదా, వెచ్చగుంటది ఉండనీ” అని మంచం కిందికి జరిపారు.

నాకు గుండె ఆగినంత పనైంది. చిన్నమ్మ తెలివితక్కువదేం కాదు, గదిలో గాలి గురించి ఆలోచించింది కూడా. ఆ ఆలోచన తలకిందులైంది, అంతే. కరెంటు హీటరుకి కిటికీతో పనే లేదు. కుంపటికి మాత్రం కిటికీ తెరిచినా చాలదు, అసలు అది గదిలో ఉండకూడదు.

హీటరు ప్రమాదం అని ఒక్క మాటలో తేల్చేస్తాం గానీ అందులో మూడు సంగతులున్నాయి. హీటరు ముందున్న గుడ్డ అంటుకోవడం ఒకటి. హీటరు వెనక గోడలో ప్లగ్గు కాలిపోవడం ఇంకొకటి. గదిలో గాలి విషం కావడం మూడోది. మూడింటికీ కారణాలు వేరు. ఒకదానికి తీసుకున్న జాగ్రత్త ఇంకోదానికి అక్కరకు రాదు. ఈ మూడూ కలగాపులగం అవడం వల్లే వాట్సాప్‌లో తిరిగే సలహాలు సగం పనికొస్తాయి, సగం చెడగొడతాయి.

ముందు ఆ ఆక్సిజన్ మాట తేల్చుకుందాం. కరెంటు హీటరులో ఏదీ మండదు. ఇస్త్రీ పెట్టెలో ఉన్నట్టే ఒక తీగ కరెంటు పారి వేడెక్కుతుంది. మంట లేనిచోట ఆక్సిజన్ ఖర్చు లేదు. మరి రాత్రంతా హీటరు పెట్టుకుని పడుకుంటే గొంతు ఎండుతుంది, ముక్కు పట్టేస్తుంది, ఊపిరి సరిగా ఆడనట్టు ఉంటుంది కదా అంటారు. అదీ నిజమే. గాలి వేడెక్కితే తేమను పట్టుకునే శక్తి పెరుగుతుంది, గదిలో ఉన్న తేమ మాత్రం అంతే ఉంటుంది. దాంతో ఆ పొడి గాలి మన చర్మం నుంచీ గొంతు నుంచీ తడి లాగుతుంది. దూరంగా ఒక గిన్నెలో నీళ్లు పెడితే కొంత ఉపశమనం. అయితే హీటరు పక్కనే, వైరు మీదుగా గిన్నె పెట్టడం కంటే గొంతు ఎండడమే మేలు. నలుగురైదుగురు ఒకే గదిలో అన్నీ బిగించుకుని పడుకుంటే ఉక్కగా అనిపించేది మన ఊపిరి వల్లే, హీటరు ఉన్నా లేకున్నా అంతే.

దుకాణంలో వినిపించే ఇంకో మాట, ఫలానా రకం కరెంటు తక్కువ తింటుందని. రాడ్డు, బ్లోయరు, ఆయిల్ హీటరు, సిరామిక్ హీటరు, ఏదైనా లాగిన కరెంటునంతా వేడిగానే మారుస్తుంది. 2,000 వాట్లది ఆగకుండా గంట నడిస్తే 2 యూనిట్లు, ఏ కంపెనీదైనా సరే. తేడా అంతా ఆ వేడి ఎలా వస్తుందన్న దాంట్లోనే ఉంది. రాడ్డు ఎండలాగా ఎదుటి మనిషిని కాస్తుంది, గది గాలిని పెద్దగా పట్టించుకోదు. బ్లోయరు గాలిని త్వరగా వేడి చేస్తుంది, ఆపగానే ఆ వేడీ పోతుంది. ఆయిల్ హీటరు మందకొడి, గది వెచ్చబడటానికి అరగంట పైనే తీసుకుంటుంది, కానీ ఆపేశాక కూడా చాలాసేపు వెచ్చగా ఉంటుంది. అందులో నూనె మండదు, తరగదు, మళ్లీ పోయాల్సిన పనీ లేదు. మా చెల్లె గదికి పనికొచ్చేది అదే, ఎందుకో చెప్తాను.

ఒక వస్తువు ఎర్రగా కనబడుతోందంటే దాని వేడి 500 డిగ్రీల సెల్సియస్ దాటిందని అర్థం. అంతకంటే తక్కువైతే ఎరుపు మన కంటికి తెలియదు. నూలు గుడ్డ అంటుకోవడానికి 400 డిగ్రీల చుట్టుపక్కల చాలు, కాగితానికి అంత కూడా అక్కర్లేదు. అంటే రాడ్ హీటరు వెలుగుతున్నంతసేపూ గదిలో ఒక పొయ్యి వెలుగుతున్నట్టే. ఆ తీగల జాలీ పసిపిల్లల వేళ్లను కూడా ఆపలేదు. ఆయిల్ హీటరు రేకులు తాకితే చురుక్కుమంటాయి, పిల్లల చెయ్యి బొబ్బలెక్కుతుంది కూడా, కానీ వాటికి దుప్పటి తగలగానే భగ్గుమనే వేడి ఉండదు. అలాగని దాని మీద తడి లంగోటాలు ఆరేయమని కాదు. పైన గుడ్డ కప్పితే వేడి బయటికి పోయే దారి మూసుకుపోతుంది.

అగ్నిమాపక నిపుణులు ప్రపంచమంతా చెప్పే లెక్క మూడడుగులు. హీటరుకి అన్ని వైపులా మూడడుగుల లోపు కాలే వస్తువు ఉండకూడదు. వినడానికి తేలిక. మన పడకగదుల్లో కొలిచి చూడండి. మంచానికీ బీరువాకీ మధ్య రెండడుగులుంటే గొప్ప. దోమతెర ఎటు ఊగుతుందో తెలియదు. తెల్లారుజామున దుప్పటి కాళ్ల దగ్గర్నుంచి జారుతుంది. చీర కొంగు సంగతి వంటింట్లో ఒళ్లు కాల్చుకున్న ఆడవాళ్లను అడగాలి. కాబట్టి మూడడుగులు దొరకని గదిలో రాడ్ హీటరు పెట్టకపోవడమే తెలివి. పెట్టినా, నిద్రకి ముందు గది వెచ్చబరుచుకుని ఆపేసి పడుకోవాలి. మన చలికి అది సరిపోతుంది కూడా. పది పన్నెండు డిగ్రీల హైదరాబాద్ చలిలో స్లాబు ఇంటి గది ఒకసారి వెచ్చబడితే రెండు దుప్పట్లతో రాత్రి గడిచిపోతుంది.

కొత్త హీటర్లకి పడిపోతే ఆగిపోయే స్విచ్చు ఉంటుంది, మరీ వేడెక్కితే ఆపే కటాఫ్ ఉంటుంది. రెండూ మంచివే, కొనేటప్పుడు అడగాల్సినవే, ఐఎస్ఐ గుర్తుతో పాటు. అవి చేయలేనిది కూడా తెలిసి ఉండాలి. హీటరు నిటారుగానే ఉండి దాని మీదికి దిండు జారితే, పడిపోతే ఆగే స్విచ్చుకి ఆ సంగతి తెలియదు. హీటరు లోపల అంతా బాగానే ఉండి ఎదుటి పరదా కమిలిపోతుంటే కటాఫ్‌కి తెలియదు.

2022 జనవరి 9న న్యూయార్క్‌లోని బ్రాంక్స్‌లో, 19 అంతస్తుల ట్విన్ పార్క్స్ భవనంలో జరిగింది చూడండి. కింది అంతస్తుల్లోని ఒక ఫ్లాటులో పడకగది హీటరు దగ్గర మంట పుట్టింది. అక్కడివాళ్లలో ఎక్కువమంది గాంబియా నుంచి, పశ్చిమాఫ్రికాలోని ఇతర దేశాల నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబాలు. ఆ హీటరు రోజుల తరబడి ఆగకుండా నడిచిందని అధికారులు చెప్పారు. మంట ఆ ఫ్లాటూ దాని ముందున్న నడవా దాటి పెద్దగా పోలేదు. అయినా 17 మంది చనిపోయారు, వాళ్లలో 8 మంది పిల్లలు. చంపింది పొగ. ఇంట్లోవాళ్లు బయటికి పరిగెత్తాక, తనంతట తానే మూసుకోవాల్సిన తలుపు మూసుకోలేదు. మెట్ల మార్గంలోనూ ఒక తలుపు తెరుచుకునే ఉంది. పొగ ఆ దారి పట్టి పై అంతస్తులదాకా ఎక్కింది. తమ ఫ్లాటులో మంటే లేనివాళ్లు పోయారు. అపార్ట్‌మెంట్లలో ఉండే మనకి ఇందులో పనికొచ్చే ముక్క ఒకటుంది. నిప్పు అంటుకుంటే మనుషులంతా బయటపడ్డాక తలుపు లాగి మూయాలి. సామాను కోసం వెనక్కి తిరగకూడదు, లిఫ్టు ఎక్కకూడదు.

ప్లగ్గు కథ

చిన్నమ్మ వాళ్ల ముందు గదిలో మా కాక, అంటే చిన్నాన్న, టీవీ చూసే కుర్చీ పక్కన 2,000 వాట్ల బ్లోయరు ఉంది. దాని లావు పిన్నుల ప్లగ్గుకి ఒక కన్వర్టరు, ఆ కన్వర్టరు ఎక్స్‌టెన్షన్ బాక్సులో, అదే బాక్సులో టీవీ, సెట్‌టాప్ బాక్సు, ఫోన్ ఛార్జరు. ప్లగ్గు మీద చెయ్యి వేస్తే చుర్రుమంది. కాకకి చూపిస్తే, “ఎంసీబీ ఉంది గదా, ఏమన్నయితే అదే పడిపోతది” అన్నాడు.

ఎంసీబీ అంటే కరెంటు మరీ ఎక్కువగా పారితే తనంతట తానే పడిపోయే స్విచ్చు. మన ఇళ్లలో ఎక్కువమంది నమ్మకం అదే. అందుకే ఇక్కడ కాసేపు ఆగాలి.

మన ఇళ్లకొచ్చే కరెంటు 230 వోల్టులు. 2,000 వాట్ల హీటరు దాదాపు 8.7 ఆంపియర్లు లాగుతుంది. ఫోన్లకీ ఫ్యాన్లకీ వాడే చిన్న సాకెట్టు 6 ఆంపియర్లకి చేసింది, అంటే 1,380 వాట్లు దాని హద్దు. గీజరుకీ ఏసీకీ పెట్టే పవర్ ప్లగ్గు 16 ఆంపియర్లది. హీటరు ప్లగ్గుకి లావు పిన్నులు పెట్టిందే చిన్న సాకెట్టులో దూరకూడదని. కన్వర్టరు కొనడమంటే ఆ అడ్డుని మనమే డబ్బిచ్చి తీసేయడం.

బడిలో చదివి మరిచిపోయిన లెక్క ఒకటుంది. తీగలో పుట్టే వేడి కరెంటు వర్గాన్ని బట్టి, కరెంటుకి తగిలే అడ్డుని, అంటే నిరోధాన్ని బట్టి ఉంటుంది. సాకెట్టు పట్టు బిగుతుగా ఉంటే అక్కడ నిరోధం లేనట్టే లెక్క. పాతబడి, వదులై, లోపలి ఇత్తడి రేకు నల్లబడితే అక్కడ అర ఓము నిరోధం వచ్చిందనుకోండి. 8.7ని 8.7తో గుణించి అందులో సగం చేస్తే 38 వాట్లు. రేడియోలు బాగుచేసేవాళ్లు సీసం కరిగించే సోల్డరింగ్ ఐరన్ చాలావరకు 25, 35 వాట్లే. అంత వేడి, గాలి ఆడని ప్లాస్టిక్ డబ్బాలో, గంటల తరబడి. వేడికి రేకు మెత్తబడుతుంది, పట్టు ఇంకా వదులవుతుంది, నిరోధం పెరుగుతుంది, వేడి ఇంకా పెరుగుతుంది. తనంతట తాను ఆగే దారి అందులో లేదు.

ఎంసీబీ ఎందుకు పడదు? దానికి తెలిసింది కరెంటు ఎంత పోతోందన్నదొక్కటే. 16 ఆంపియర్ల ఎంసీబీకి 8.7 ఆంపియర్లు లెక్కలోకే రావు. పైగా ప్లగ్గు దగ్గర నిరోధం పెరిగితే కరెంటు వెంట్రుకవాసి తగ్గుతుంది కూడా. ప్లగ్గు కరిగి గోడ నల్లబడి షార్ట్ అయ్యేదాకా ఎంసీబీ దృష్టిలో అంతా సవ్యంగానే ఉంటుంది. ఇంకో సంగతి, 16 ఆంపియర్ల ఎంసీబీ 16 దాటగానే పడిపోదు. 18 ఆంపియర్ల వరకు గంటసేపు మోసినా పడకూడదు, 23 దాకా వెళ్తే గంటలోపు పడాలి, దాని ప్రమాణాలే అలా రాసి ఉన్నాయి. దాన్ని పెట్టింది గోడలో తీగని కాపాడటానికి. ఎక్స్‌టెన్షన్ బాక్సు సన్న వైరు బాధ్యత దానిది కాదు. ఆర్‌సీసీబీ ఉన్నా ఇంతే, అది మనిషికి షాకు తగలకుండా చూసేది, వదులు ప్లగ్గు దానికీ కనబడదు.

మరి మనకి తెలిసేదెలా? చెయ్యి వేసి చూడటమే. హీటరు పెట్టిన అరగంటకి స్విచ్చి ఆపి ప్లగ్గు పట్టుకు చూడాలి. గోరువెచ్చగా ఉంటే పరవాలేదు. పట్టుకోలేనంత వేడిగా ఉన్నా, సాకెట్టు చుట్టూ గోధుమరంగు మరక ఉన్నా, చేపల వాసన లాంటి కమురు కంపు వస్తున్నా ఆ సాకెట్టు మార్చాల్సిందే. హీటరు నేరుగా గోడలోని పవర్ ప్లగ్గుకే పెట్టాలి, అదే లైన్‌లో గీజరు నడుస్తున్నప్పుడు పెట్టకూడదు. వైరుని తివాచీ కింద దాచకూడదు. మూడో పిన్ను విరిచి పెట్టడం మనవాళ్లకి అలవాటు, రేకు ఒళ్లున్న ఆయిల్ హీటరుకి ఎర్తింగు లేకపోవడం ప్రాణం మీదికి తెస్తుంది.

పైసా ఖర్చు లేని ఉపాయం ఒకటుంది. చాలా హీటర్లకి 1,000 వాట్ల మీట ఉంటుంది. దాన్ని వాడితే కరెంటు సగమవుతుంది, అదే వదులు ప్లగ్గులో వేడి మాత్రం సగం కాదు, పావుకి పడిపోతుంది. వర్గం లెక్క ఇక్కడ మన పక్షాన పనిచేస్తుంది. గదికి చదరపు అడుగుకి 10 వాట్లు అనే మోటు లెక్క చల్లని దేశాలది. పది బై పన్నెండు గదికి 1,200 వాట్లు వస్తుంది. మన చలికి వెయ్యి చాలు.

డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న మనవాళ్లకి ఇదే లెక్క ఇంకా కఠినం. అక్కడ 120 వోల్టులు కాబట్టి 1,500 వాట్ల మామూలు హీటరు కూడా 12.5 ఆంపియర్లు లాగుతుంది. అదే అర ఓము వదులు దగ్గర 78 వాట్ల వేడి. అద్దె ఇంటి పాత సాకెట్టులో పవర్ స్ట్రిప్ పెట్టి దానికి హీటరు తగిలించడం అందుకే అక్కడివాళ్లు అంత గట్టిగా వద్దంటారు. తిరిగి వచ్చేటప్పుడు ఆ హీటరు తెచ్చి ఇక్కడ ప్లగ్గు మార్చి పెడదామనుకుంటే, అది దాదాపు నాలుగింతల పవరు లాగి కళ్లముందే కాలిపోతుంది.

ఎర్రని నిప్పుల సంగతి

ఇప్పుడు మంచం కింది కుంపటి దగ్గరికి వద్దాం. మూడింటిలోకీ నన్ను భయపెట్టేది ఇదే, ఎందుకంటే దీనికి వాసన లేదు, రంగు లేదు, చెయ్యి వేసి చూసుకునే ప్లగ్గు లేదు.

పొగ పోయి నిప్పులు ఎర్రబడితే ఇక హాని లేదని మన పెద్దల నమ్మకం. నిజానికి కార్బన్ మోనాక్సైడ్ అనే విష వాయువు ఎక్కువగా పుట్టేది ఆ దశలోనే. కుంపటి అడుగున బొగ్గు మండి కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. అది పైనున్న ఎర్రని బొగ్గుల మధ్య నుంచి పోయేటప్పుడు ఇంకో కార్బన్‌ని కలుపుకుని మోనాక్సైడ్‌గా మారుతుంది. పైన మంట లేస్తుంటే ఆ వాయువు అక్కడే కాలిపోతుంది. మంట లేని నిప్పుల మీద కాలకుండా గదిలోకి వచ్చేస్తుంది. నివురుగప్పిన నిప్పు అంటాం చూడండి, అది కూడా గంటల తరబడి ఇదే పని చేస్తుంది.

ఇది రక్తంలోని హిమోగ్లోబిన్‌ని ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. ముందు తలనొప్పి, వికారం, కళ్లు తిరగడం. చలికాలం కాబట్టి జలుబు చేసిందేమో అనుకుంటాం. ఆ తర్వాత మత్తు. నిద్రలో ఉన్నవాళ్లకి ఆ తలనొప్పి కూడా తెలియదు. ఇంట్లో అందరికీ ఒకేసారి తలనొప్పి మొదలై, బయటికి వెళ్తే తగ్గి, లోపలికి వస్తే మళ్లీ వస్తుంటే అది జలుబు కాదు. కడుపులో బిడ్డకి తల్లికంటే ఎక్కువ హాని. కరోనా తర్వాత చాలా ఇళ్లలో వేలికి పెట్టే ఆక్సీమీటరు ఉంది. దాన్ని నమ్మి ఊరుకోవద్దు. మోనాక్సైడ్ పట్టిన హిమోగ్లోబిన్‌ని కూడా అది ఆక్సిజన్ ఉన్నదిగానే చదువుతుంది, మనిషి సోలిపోతున్నా 98 చూపించగలదు. చేయాల్సింది తలుపులు బార్లా తీసి అందర్నీ బయటికి తేవడం, ఆసుపత్రికి తీసుకెళ్లి గదిలో కుంపటి ఉందని డాక్టరుకి చెప్పడం. ఆ ఒక్క మాట చెప్పకపోతే వాళ్లు వేరే జబ్బులు వెతుకుతారు. మామూలు గాలి పీలిస్తే రక్తంలో ఆ వాయువు సగానికి తగ్గడానికి నాలుగైదు గంటలు పడుతుంది, మాస్కుతో ఆక్సిజన్ ఇస్తే గంట, గంటన్నర.

“మా అమ్మమ్మ కాలం నుంచీ పెడుతున్నం, ఎవరికేమైంది?” అని చిన్నమ్మ అడిగింది. మంచి ప్రశ్న. జవాబు ఇంటి కప్పులో ఉంది. ఆ కాలపు పెంకుటింట్లో పెంకుల సందుల్లోంచి గాలి పోయేది, తలుపు చెక్కల మధ్య వేలు పట్టేది, కిటికీకి ఊచలే తప్ప అద్దాలు లేవు. ఇల్లే ఊపిరి తీసుకునేది. అదే కుంపటిని స్లాబు కప్పు కింద, జరిపే అద్దాల కిటికీ బిగించి, ఏసీ కోసం సందులన్నీ పూడ్చిన గదిలో పెడుతున్నాం. కుంపటి మారలేదు, గది మారింది. ఢిల్లీ వైపు అంగీఠీ, అంటే బొగ్గుల కుంపటి, పెట్టుకుని పడుకుని తెల్లారేసరికి లేవని కుటుంబాల వార్తలు ప్రతి చలికాలం వస్తూనే ఉంటాయి.

గ్యాస్ హీటరుదీ ఇదే జాతి, బొగ్గు లేదు గానీ మంట ఉంది. 2020 జనవరిలో నేపాల్‌లోని దామన్ అనే కొండ ఊరికి విహారానికి వెళ్లిన కేరళవాళ్లు 8 మంది, అందులో నలుగురు పిల్లలు, ఒక రాత్రి ఒకే గదిలో పడుకున్నారు. వెచ్చదనానికి గ్యాస్ హీటరు పెట్టుకున్నారు. తలుపూ కిటికీలూ లోపల గడియ పెట్టి ఉన్నాయి. పొద్దున ఎవరూ లేవలేదు. ఊపిరాడకే పోయారని అక్కడి పోలీసుల అంచనా. 2021 ఫిబ్రవరిలో టెక్సస్‌లో మంచు తుపానుకి కరెంటు పోయినప్పుడు కూడా చలి కన్నా ముందు కొందరిని పడగొట్టింది ఇదే. ఇళ్లలోకి బార్బెక్యూ బొగ్గులు తెచ్చుకున్నారు, జెనరేటర్లు గ్యారేజీలో నడిపారు.

మనకి దగ్గర్లో విశాఖ మన్యంలోని లంబసింగి ఉంది. కొర్రబయలు అని దానికింకో పేరు, చలికి మనిషి కర్రలా బిగుసుకుపోతాడని. డిసెంబరు, జనవరుల్లో అక్కడ గుడారాల్లో దిగేవాళ్లకి ఒక్క మాట. చలిమంట బయటే వదిలి లోపలికి పోండి. నాలుగు నిప్పులు తట్టలో పట్టుకుని గుడారంలోకి తెచ్చుకోవాలని అనిపిస్తుంది, అంత చిన్న చోటులో అవి చాలా ఎక్కువ. మోనాక్సైడ్ కిందికి దిగి కూర్చుంటుందని, మంచం మీద పడుకుంటే ఏం కాదని కొందరంటారు. దాని బరువు దాదాపు గాలి బరువే, గదంతా సమంగా కలిసిపోతుంది. దీన్ని పసిగట్టే అలారాలు అమెరికా ఇళ్లలో మామూలే, ఇక్కడా ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. గ్యాస్ హీటరో గ్యాస్ గీజరో ఉన్న ఇంట్లో అది అవసరమే.

“మరి ఊదు ఎట్ల వెయ్యాలె?” అంది చిన్నమ్మ. ఆచారం మానమని నేనెవరిని చెప్పడానికి? ఆ పొగ కూడా పసిగొంతుకి మంచిది కాదని డాక్టర్లంటారని మాత్రం చెప్పాను. వేయాలనుకుంటే కిటికీ తీసి, బిడ్డకి దూరంగా రెండు నిమిషాలు వేసి, నిప్పులు వెంటనే వాకిట్లోకి తీసుకుపోవాలని బేరం కుదిరింది. సాయంత్రానికి కాక కరెంటు పనిచేసే అబ్బాయిని పిలిపించాడు. అతను ముందు గదిలో కొత్త పవర్ ప్లగ్గు బిగించి, కరిగి వంగిన ఎక్స్‌టెన్షన్ బాక్సుని కాక చేతిలో పెట్టాడు. కాక దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి ఏమీ అనలేదు. చెల్లె గదిలోకి ఆయిల్ హీటరు వచ్చింది, మంచానికి మూడడుగుల దూరం నేనే జానలతో కొలిచి పెట్టాను.

మొన్న ఫోన్ చేస్తే తెలిసింది, కుంపటి వాకిట్లోనే ఉంటోందట. హీటరు పెట్టినప్పుడు మాత్రం చిన్నమ్మ ఇప్పటికీ కిటికీ వేలెడు తెరిచే ఉంచుతుందట. ఉంచనీ, పోయేది కాస్త కరెంటు బిల్లే.